మూడు చుట్ల స్క్రూ

ఈ కొత్త బీచ్‌కి నేను ఇన్‌ఛార్జిగా వచ్చి ఏడాది దాటింది. ఇక్కడ పనిలో చేరినవాళ్ళందరూ వారం తిరక్కుండా నన్ను అడిగే మాట ఒకటే. పాత బీచ్‌లో కెప్టెన్ అని ఒకాయన ఉన్నాడట, మీ తోడల్లుడేనట, ఎలాంటి మనిషండీ అని. ఇన్నాళ్ళూ "మంచివాడే" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఇవాళ పొద్దుట్నుంచీ వాన, అద్దెకి బండి అడిగే నాథుడు లేడు. ఎలాగూ అందరూ షెడ్డులోనే చతికిలబడ్డారు కాబట్టి చెబుతాను. అతన్ని పొగడమంటే మాత్రం నా వల్ల కాదు. పదేళ్ళు అతన్ని చూసి కుళ్ళుకున్నవాణ్ణి, ఆ కుళ్ళుతోనే చెబుతాను.

మా ఆవిడా, అతని భార్యా అక్కాచెల్లెళ్ళు. మా ఆవిడ పెద్దది. అంటే ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి నేను, అతను నాకు తమ్ముడి వరస. ఆ వరస ఒక్కదాంట్లోనే నాది పైచెయ్యి. మిగతా అన్నిట్లో అతనిదే.

పాత బీచ్‌లో ఓనరమ్మ మూడు క్వాడ్ బైకులతో షెడ్డు తెరిచినప్పుడు మొదటి గైడుని నేనే. నాలుగు లావుపాటి టైర్ల బండి, ఇసకలో దిగబడదు, గుట్టలెక్కుతుంది, గంటన్నర తిరిగి రావచ్చు అంటే జనం వింతగా చూసేవాళ్ళు. దారి వేసింది కూడా నేనే. షెడ్డు వెనక సరుగుడు తోటలోంచి దూరి, ఇసక గుట్టలెక్కి దిగి, తడి ఇసక మీద చాలా దూరం నేరుగా పోయి, సముద్రంలో కలిసే చిన్న పాయని దాటాలి. పాయ అవతల నల్లరాళ్ళ కొండ. దాని అంచున నిలబడితే ఒక్క చూపులో మూడు బీచ్‌లు కనిపిస్తాయి, మూడు రంగుల నీళ్ళతో. ఆ చోటు కనిపెట్టడానికి ఎన్ని పొద్దుటపూటలు ఆ రాళ్ళ మీద మోకాళ్ళు చెక్కుకున్నానో నాకు తెలుసు. ఇప్పుడు దాన్ని ఏమంటారో తెలుసా? కెప్టెన్ పాయింట్. ఫోన్లో మ్యాపు తెరిచినా అదే పేరు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు.

నన్ను షెడ్డులో పడేసింది నా నోరే, ఒప్పుకుంటాను. ఒకసారి ఒక పెద్దమనిషి గుట్ట మీద బండిని అదేపనిగా రేజ్ చేస్తూ, చక్రాలు ఇసక చిమ్ముతుంటే మురిసిపోతున్నాడు. తాళం లాగేసుకుని, మీ మావగారి సొమ్మయితే ఇలాగే తొక్కుతారా అని అడిగాను. మావగారు పక్క బండి మీదే ఉన్నాడు. ఓనరమ్మ నన్ను పిలిచి, నీకు బళ్ళతో మాట్లాడటం వచ్చుగానీ మనుషులతో రాదు, ఇకనుంచి షెడ్డు చూసుకో అంది. ఆవిడ సన్నగా, పుల్లలా ఉంటుంది, ఒక మాట రెండోసారి చెప్పదు.

సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు పనిచేసే ఫోటో స్టూడియో మూతపడింది. మా ఆవిడ జోరీగలా వారం రోజులు చెవిలో పోరితే, ఓనరమ్మతో చెప్పి అతన్ని గైడుగా పెట్టించాను. నా చేతులారా పెట్టించాను. గుట్ట ఎక్కేటప్పుడు ముందుకి వంగమనీ, పక్కవాలు మీద ఒళ్ళంతా ఎగువకి వెయ్యమనీ, నీళ్ళల్లో బండి ఆపకూడదనీ అన్నీ నేర్పింది నేను. మొదటి వారంలో రెండుసార్లు ముళ్ళపొదలో పడ్డాడు. పడినప్పుడల్లా నవ్వుతూనే లేచాడు. ఇతను నా కొంప ముంచుతాడని నేను అక్కడే గ్రహించాల్సింది.

చూడటానికి ఏమంత ఉండడు. సన్నగా పొడుగ్గా, చెవులు బయటికి పొడుచుకొచ్చి, ముందు పళ్ళ మధ్య సందుతో ఉంటాడు. స్టూడియోలో పనిచేసిన అలవాటు కదా, మనిషిని ఎలా నిలబెడితే బాగుంటాడో అతనికి తెలుసు. కొండ అంచుకి చేరగానే ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి, హెల్మెట్ చంకలో పెట్టించి ఫోటోలు తీస్తాడు. ఎనభై ఏళ్ళ ముసలావిడ కూడా ఆ ఫోటోలో యుద్ధం గెలిచి వచ్చినట్టుంటుంది. ఎండెక్కితే పిల్లల మెడకి తడి చేతిరుమాలు చుడతాడు. జనం మర్చిపోయిన జుట్టు క్లిప్పులూ, ఒంటి చెప్పులూ ఏరి ఒక డబ్బాలో దాస్తాడు. ఎవరో చిన్నపిల్ల ఒకరోజు కెప్టెన్ అని పిలిచింది, అంతే, లోకమంతా అదే పిలుపు. నన్నూ లోకం పిలుస్తుంది, మెకానిక్ అని.

అతనిలో ఒక్క లోపం మాత్రం నాకు తెలుసు. నీళ్ళంటే భయం. ఈత రాదు. నీళ్ళు మోకాలు దాటితే నోరు బిగించేస్తాడు, ఇక ఒక్క మాట పెగలదు. ఈ సంగతి వాళ్ళావిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఒక్కోసారి అతని మీద మరీ మండిపోయినప్పుడు ఆ లోపాన్ని తలుచుకుని కాస్త చల్లబడేవాణ్ణి.

మండకేం చేస్తుంది చెప్పండి. మావి రెండు వాటాలు, మధ్యలో ఒకటే గోడ. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజంతా ఆ గోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటారు, సగం మాటలు అతని గురించే. మరిది ఇవాళ ఎవరో డాక్టర్ గారి కుటుంబాన్ని తిప్పాడట, వాళ్ళు ఉత్తరం రాశారట. అత్తగారింటికి భోజనానికి వెళితే మొదట వడ్డించేది పెద్దల్లుడికే, అది మర్యాద. రెండోసారి మాత్రం అడక్కుండా వడ్డించేది చిన్నల్లుడికి. అదయినా ఓర్చుకున్నాను. మా అమ్మాయికి పద్దెనిమిది నిండి, నాన్నా నేనూ క్వాడ్ బైక్ నేర్చుకుంటానంటే పొంగిపోయాను. రేపు పొద్దున్నే రా, నేర్పుతా అన్నాను. నువ్వొద్దు నాన్నా, తిడతావు, బాబాయి దగ్గర నేర్చుకుంటాలే అంది. ఆ రోజు షెడ్డులో ఒక టైరుని అవసరం లేకపోయినా విప్పి మళ్ళీ బిగించాను.

ఇక షెడ్డు దగ్గర ఒక పుస్తకం ఉండేది. తిరిగొచ్చినవాళ్ళు అందులో నాలుగు ముక్కలు రాసి సంతకం పెడతారు. రోజూ షెడ్డు మూసేముందు దాన్ని చదవడం నా జబ్బు. పదేళ్ళ పుస్తకాలు చదివాను. ప్రతి పేజీలో కెప్టెన్. కెప్టెన్ గారి ఓపికకి జోహార్లు, కెప్టెన్ గారి నవ్వు మర్చిపోలేం. ఒక్కడంటే ఒక్కడు, ఆ బండి పదేళ్ళుగా దారిలో ఆగకుండా ఎలా తిరుగుతోందబ్బా అని అనుకోలేదు. చివరికి ఒకరోజు నేనే ఎడమచేత్తో రాశాను: "బళ్ళు చాలా బాగున్నాయి. మెకానిక్ గారికి ధన్యవాదాలు." మర్నాడు టికెట్లిచ్చే అమ్మాయి అది చదివి, ఎవరో ఒకటో క్లాసు పిల్లాడు రాసినట్టున్నాడు, ముద్దొస్తోంది అంది. నవ్వకండి. నా స్థానంలో ఉంటే మీరూ రాసేవాళ్ళే.

వీటన్నిటికంటే నాకు కడుపు మండే సంగతి ఇంకొకటుంది. మీకు తెలిసిందే, బయల్దేరేముందు గైడు తన బండిలో పన్నెండు చూసుకోవాలి. టైర్లు, బ్రేకులు, చెయిను, లైటు, అలా పన్నెండూ చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. మిగతా గైడులందరూ వంగి, తట్టి, లాగి చూసేవాళ్ళు. అతను ఒక్కడే చూసేవాడు కాదు. పెళ్ళికొడుకులా వచ్చి, సంతకం గీకి, బండెక్కి, "వస్తా అన్నయ్యా" అనేవాడు. పదేళ్ళలో ఒక్కసారి కూడా వంగలేదు. చేతికి మట్టి అంటుతుందనుకుంటున్నాడు, మేం తన కింద పనివాళ్ళమనుకుంటున్నాడు అని లోపల రగిలిపోయేవాణ్ణి.

పన్నెండోది స్క్రూ. నిన్న చేరినవాళ్ళున్నారు కాబట్టి మళ్ళీ చెబుతాను. కుడిచేతి పిడి దగ్గర బొటనవేలితో నొక్కే మీట యాక్సిలేటర్. దాని పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. లోపలికి తిప్పినకొద్దీ మీట తక్కువ దిగుతుంది, బండి మెల్లగా పోతుంది. పిల్లలకి ఐదు చుట్లు, భయస్తులకి మూడు, తెలిసినవాళ్ళకి ఒకటి. గైడు బండికి సున్నా, ఎందుకంటే ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా లాగాల్సింది ఆ బండే. గైడు బండికి స్క్రూ బిగించేది ఒకే ఒక్క సందర్భంలో, అరిగిన ఇంజన్ లోపల చెక్కించి బోరు చేయించాక కొన్నాళ్ళు. కొత్త బోరు మీద గట్టిగా తొక్కితే ఇంజన్ బిగుసుకుని పట్టేస్తుంది. అందుకని నేను విప్పేదాకా ఆ స్క్రూని ఎవరూ ముట్టుకోకూడదని రూలు పెట్టాను.

అలా ఉండగా ఓనరమ్మ ఈ కొత్త బీచ్ తీసుకుంది. ఇక్కడికి ఇన్‌ఛార్జిగా మాలో ఒకరిని పంపిస్తానంది. ఆదివారం గైడుతో పాటు తనూ బండి మీద వచ్చి చూస్తానని, ఆ తర్వాత నిర్ణయిస్తానని చెప్పింది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో మాటల్లో చెప్పలేను. దారి నేనే వేయాలి, గైడులు నా మాట వినాలి, ఒక్క చోటికైనా నా పేరు పడాలి. అన్నిటికీ మించి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అతనికంటే ముందు నిలబడాలి.

శనివారం మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ, మరిదికే ఇస్తారులే, నువ్వు షెడ్డు మనిషివి కదా అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు, దుప్పటి కొనలు కలుపుతూ మామూలుగా అంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

అతని ఒకటో నంబరు బండికి ఆ నెలలోనే బోరు చేయించాను. అందాకా అతనికి వేరే బండి ఇచ్చి, దీన్ని రోజూ పొద్దున్నే తీసుకెళ్ళి బీచ్ మీద మెల్లగా తిప్పి తిప్పి, శుక్రవారానికి దాని గడువు పూర్తి చేశాను. స్క్రూ విప్పి సున్నాకి తెచ్చాను. ఇక విప్పేశానని అతనితో చెప్పడమొక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున్న అందరికంటే ముందొచ్చి, తలుపు వారగా వేసి, ఆ స్క్రూని మళ్ళీ లోపలికి తిప్పాను. ఒకటి, రెండు, మూడు. నేననుకున్నదల్లా ఇంతే: ఓనరమ్మ కళ్ళముందు కెప్టెన్ గారు గుట్ట ఎక్కలేక ఉసూరుమంటూ వెనక్కి జారాలి, ఆవిడ మొహం చిట్లించాలి. చూసుకోవాల్సిన పన్నెండూ చూసుకుంటే దొరికిపోయేవాణ్ణి. అతను చూడడని నాకు తెలుసు.

అతనొచ్చాడు. సంతకం గీకాడు. వస్తా అన్నయ్యా అన్నాడు. వెనక ఆరుగురు అతిథులు, అందరికంటే చివర ఓనరమ్మ. సరుగుడు తోటలోకి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి టీ తాగాను. ఆ టీ ఎంత బాగుందో ఇప్పటికీ నోటికి తెలుసు.

పదిన్నరకల్లా పాయ దాటి ఇవతలికి వచ్చెయ్యాలి, ఎందుకంటే ఆ రోజు పోటు పదకొండింటికల్లా పాయలోకి ఎక్కుతుంది. మా అందరికీ అది కంఠతా వచ్చు. పది నలభై అయినా బళ్ళ చప్పుడు లేదు. గుట్టల దగ్గర మెల్లగా పోతే, తడి ఇసక మీదా మెల్లగానే పోతాడు, ముందు బండి మెల్లగా పోతే వెనక ఏడూ మెల్లగానే పోతాయి. పొద్దున మూడు చుట్లు తిప్పినప్పుడు నేను గుట్ట దాకా ఆలోచించాను, పాయ దాకా ఆలోచించలేదు. పన్నెండేళ్ళుగా పోటు లెక్కలు చూస్తున్నవాణ్ణి, అంత బుర్ర లేకపోయింది. పదకొండు దాటిన ఐదు నిమిషాలకి ఓనరమ్మ ఫోను చేసి, ట్రాక్టర్ తీసుకుని పాయ దగ్గరికి రా అని పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి అందరూ ఇవతలి ఒడ్డున ఉన్నారు, ఒక్క బండి తప్ప. ఐదో నంబరు పాయ మధ్యలో దిగబడింది. దాని మీద ఒక స్కూలు టీచరమ్మ, హ్యాండిలు వదలకుండా కళ్ళు మూసుకుని కూర్చుంది. ఒకటో నంబరు ఒడ్డుకి దగ్గర్లో, దాని వెనకనుంచి తాడు ఐదో నంబరుకి కట్టి ఉంది. లాగబోయాడని, బండి లాగలేదని చూడగానే తెలిసింది. అతను మాత్రం ఒడ్డున లేడు. ఐదో నంబరుకి సముద్రం వైపు, నడుములోతు నీళ్ళల్లో నిలబడి, బండి ఆవిడ మీద పడకుండా భుజం అడ్డుపెట్టి ఆపుతున్నాడు. అల వచ్చినప్పుడల్లా నీళ్ళు అతని ఛాతీ దాకా వస్తున్నాయి. నోరు బిగించి ఉంది.

ట్రాక్టర్ గొలుసు తాడుకి తగిలించి లాగాను. మొదటిసారి జారింది. రెండోసారి వచ్చింది. ఐదో నంబరు ఊగుతూ ఒడ్డెక్కింది, టీచరమ్మ దానిమీదే ఉంది, అతను వెనక పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చాడు. కుడిపాదం మీద చక్రం ఎక్కిందట, ఎప్పుడెక్కిందో చెప్పలేదు. అప్పుడు చూడండి, అతిథులందరూ చప్పట్లు కొట్టారు. నాకు. ట్రాక్టర్ మీద ఉన్నవాడికి. పదేళ్ళనుంచి ఎదురుచూసిన చప్పట్లు అవి. చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు.

ఓనరమ్మ చప్పట్లు కొట్టలేదు. ఒకటో నంబరు దగ్గరికి పోయి బొటనవేలితో మీట నొక్కింది, సగంలో ఆగింది. "ఇది ఎవరు బిగించారు?" అని అడిగింది. అందరూ నావైపే చూశారు, చూడరా మరి.

"నేనేనండీ," అన్నాడు అతను, ఇసకలో కూర్చునే. "మెల్లగా పోతే అందరూ వెనకే వస్తారు కదా అని పొద్దున బిగించుకున్నా. విప్పడం మర్చిపోయా."

గైడు బండి స్క్రూ ముట్టుకోవడానికి నువ్వెవరు, మెకానిక్ లేడా అని ఆవిడ అతన్ని అందరి ముందూ కడిగేసింది. తల వంచుకుని విన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు కుళ్ళే. నేను నిజం కూడా చెప్పలేక నిలబడితే, అతను అబద్ధాన్ని అంత నిదానంగా చెప్పాడు.

అతిథులు బళ్ళ మీద ముందు వెళ్ళిపోయారు. అతన్ని ట్రాక్టర్ మీద నా పక్కన, మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకున్నాను. పిల్లల మెడకి చుట్టే చేతిరుమాలుని పాదానికి చుట్టుకున్నాడు.

"గుట్ట దగ్గరే తెలిసింది అన్నయ్యా, మీట పూర్తిగా దిగట్లేదని," అన్నాడు.

"విప్పుకోవాల్సింది," అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

"కొత్త బోరు కదా. నువ్వు విప్పేదాకా ముట్టుకోవద్దన్నావు కదా. ఇంజన్ పట్టేస్తే నీ పని మళ్ళీ మొదటికొస్తుందని ఊరుకున్నా." పాదం మీద రుమాలు బిగించుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఇవాళ వేరే బండి ఇవ్వడం మర్చిపోయుంటావు. ఆ మాటంటే ఆవిడ నీకు కొత్త బీచ్ ఇవ్వదు. నీకు అక్కడికి వెళ్ళాలని ఎంతుందో వదిన చెప్పింది. నాకేం, నాకు ఇక్కడ బానే ఉంది."

నేను ముందుకే చూస్తూ ట్రాక్టర్ నడుపుతున్నాను. ఇసక మీద పొద్దుటి చక్రాల గుర్తులు ఇంకా ఉన్నాయి.

"ఇంకెన్నాళ్ళుంది దానికి?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు, బండి గురించి.

ఇంకో వారం అంటే సరిపోయేది. అంతటితో పోయేది. ఎందుకనలేదో నాకు ఇప్పటికీ తెలీదు. మర్చిపోయానని అతను నా తరఫున అనుకున్న మాటని ఒప్పేసుకునేంత సిగ్గులేనితనం లేకపోయింది కాబోలు.

"శుక్రవారమే అయిపోయింది," అన్నాను.

అతను నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. ఎందుకని అడగలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకి నేను జవాబు చెప్పగలను. తర్వాత సముద్రం వైపు తిరిగి, పాయలో ఎలా బిగించాడో అలాగే నోరు బిగించుకుని కూర్చున్నాడు. షెడ్డు వచ్చేదాకా ఆ నోరు తెరవలేదు.

ఉద్యోగం నాకే వచ్చింది. ఓనరమ్మ ఆ సాయంత్రమే చెప్పింది, ఆపదలో నిలబడే మనిషి కావాలి నాకు అంది. పుస్తకంలో టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో అర పేజీ రాసింది, మెకానిక్ గారు దేవుడిలా వచ్చారని. ఆ పేజీని ఒక్కసారే చదివాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆ పుస్తకం తెరవలేదు. మా ఆవిడ సంబరానికి హద్దు లేదు, గోడకి ఇవతలనుంచి చెల్లెలికి చెబుతోంది, మా ఆయన నీ మొగుణ్ణి కాపాడాడే అని. గోడ అవతలనుంచి మా మరదలు, బావగారి రుణం ఎలా తీర్చుకోవాలో అంటోంది. అంటే అతను ఇంట్లో కూడా చెప్పలేదు. ఎప్పటికీ చెప్పడు. చెబితే ఆ గోడ నిజంగా గోడ అయిపోతుందని అతనికి తెలుసు.

పాదం కట్టుతో మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. రోజూ ఎవరో ఒకరు చూడటానికి వచ్చేవాళ్ళు. మా అమ్మాయి పొద్దస్తమానం అక్కడే. అప్పుడూ కుళ్ళుకున్నాను, దాచేదేముంది, అలవాటు అంత తొందరగా పోదు.

నాలుగో వారం పనిలోకి వచ్చాడు. నేను ఇక్కడికి రావడానికి ఇంకా పది రోజులుంది. ఒకటో నంబరుని కడిగి, తుడిచి, పన్నెండూ ఒకటికి రెండుసార్లు చూసి, స్క్రూ సున్నాకి తెచ్చి సిద్ధంగా పెట్టాను. అతను కుంటుతూ లోపలికి వచ్చాడు. కాగితం తీసుకున్నాడు. సంతకం పెట్టలేదు. కాగితాన్ని సీటు మీద పెట్టి, నొప్పి కాలు పక్కకి చాచి, నేల మీద ఒక మోకాలు ఆన్చి కూర్చున్నాడు.

టైర్లు నొక్కి చూశాడు. బ్రేకు పట్టి వదిలాడు. చెయిను లాగి చూశాడు. నేను రెండడుగుల దూరంలో, చేతిలో గుడ్డతో నిలబడి ఉన్నాను. ఒక్కొక్కటీ చూసి ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టాడు, పన్నెండో గడి దాకా వచ్చాడు. లేచి, బొటనవేలు మీట మీద పెట్టి చివరిదాకా నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి కూడా నొక్కి చూశాడు. అప్పుడు సంతకం పెట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు.

మిగిలిన తొమ్మిది రోజులూ అంతే. పదేళ్ళు చూడకుండా ఎక్కింది పొగరుతో కాదని నాకు ఆ పొద్దున తెలిసింది. నేను చూసిన బండిని మళ్ళీ చూడక్కర్లేదని నమ్మినవాడు ఈ లోకంలో ఒక్కడుండేవాడు. ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయని ఆ మాటని అతను రోజూ నాకు చూపిస్తూనే ఉంటే, నేను దానికీ కుళ్ళుకున్నాను.

అదీ కెప్టెన్ సంగతి. వాన తగ్గినట్టుంది, లేవండి. బళ్ళు బయటికి తీయండి, పన్నెండూ చూసుకోండి. నేను చూశాను కదా అని ఎవరూ చూడకుండా ఎక్కొద్దు.